ఊఁ కొట్టే మనిషి

పోయిన వారం మా అమలాపురం గ్రంథాలయంలో కాలేజీ పిల్లలకి కథల గురించి నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే వెళ్ళాను. ఇలాంటి పిలుపు వచ్చి చాలా కాలమయింది కాబట్టి, ఇస్త్రీ చేయించి దాచుకున్న చొక్కా తీసి వేసుకుని, చెప్పదలచుకున్నవన్నీ నా పద్ధతి ప్రకారం ఒక కాగితం మీద వరసగా రాసుకుని, వేళకి ముందే పోయి ముందు వరసలో కూర్చున్నాను. పిల్లలు మర్యాదగానే విన్నారు. చివర్లో ప్రశ్నలడగమంటే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, కథలు మీకు ఎక్కడినుంచి వస్తాయండీ అని అడిగింది. ఈ ప్రశ్నకి నా దగ్గర ఎప్పటినుంచో ఒక తయారు జవాబుంది. జీవితంలోంచి వస్తాయమ్మా, చూసే కళ్ళుండాలి గాని మన కోనసీమలో కథలు చెట్టుకి కాయల్లా వేలాడుతూనే ఉంటాయి అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి మాత్రం కూర్చోలేదు.

"మరి చెట్టుకి కాయలున్నాయి కదండీ, మీరిప్పుడు ఎందుకు రాయట్లేదండీ?" అంది.

హాలంతా నవ్వులు. ఆ పిల్ల వెటకారంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. కళ్ళు సరిగా ఆనడం లేదమ్మా అని చెప్పి కూర్చున్నాను. అది అబద్ధం. శుక్లాలు తీయించుకున్నాక నాకు పేపర్లో సన్నక్షరాలు కూడా కనిపిస్తున్నాయి.

ఇంటికొచ్చి తాళం తీసి, దీపం వేసి, కాళ్ళు కడుక్కుని, ఆ ప్రశ్ననే తలుచుకుంటూ డైరీల బీరువా తెరిచాను. చిన్నతనం నుంచి ఒక్కరోజు తప్పకుండా డైరీ రాస్తున్నవాణ్ణి, నా కథలు ఎక్కడినుంచి వచ్చాయో అందులో ఎక్కడో ఒకచోట ఉండకపోదు కదా అనుకుని, మొదటి కథ అచ్చయిన ఏడాది డైరీ వెతికి తీశాను. ఆ రోజు పేజీలో "ఉదయం జల్లు. కథ పడింది. సాయంత్రం పకోడీలు" అని ఉంది. అంతే. ఇంకో డైరీ తీశాను, ఇంకోటి తీశాను. ఎండ, వాన, కాలవలు కట్టేసిన రోజు, నీళ్ళు వదిలిన రోజు, ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు. ఇన్నేళ్ళలో కథల పుట్టుక గురించి ఒక్క ముక్క రాసుకోలేదు. కాబట్టి ఆ అమ్మాయికి నిజమైన జవాబు చెప్పాలంటే డైరీని నమ్ముకోకుండా, నేను డైరీ మొదలుపెట్టిన ఇంటికి, మా మేనత్తగారింటికి వెళ్ళాలి.

మా ఊళ్ళో హైస్కూలు లేదు. నన్ను అంబాజీపేట దగ్గర కాలవ గట్టు మీదున్న మా అత్తయ్య ఊళ్ళో చేర్పించారు. అత్తయ్య అంటే మా నాన్నగారి చెల్లెలు. మావయ్యగారిది కొబ్బరి వ్యాపారం, అందులోనూ కురిడీల వ్యాపారం. నా ఈడువాళ్ళకి చెప్పనక్కర్లేదు గాని, పిల్లల కోసం చెబుతున్నాను. బాగా ముదిరిన కాయల్ని అటక మీద పోసి నెలల తరబడి కదపకుండా ఉంచితే, కింద పొయ్యి సెగకి లోపలి నీరు ఇంకిపోయి, కొబ్బరి గుండు చిప్పని వదిలేసి ఊడి వస్తుంది. అదే కురిడీ. తయారైందో లేదో తెలియాలంటే కాయని చెవి దగ్గర పెట్టుకుని ఆడించి వినాలి. లోపల గుండు కదులుతున్న చప్పుడు వస్తే దింపుకోవచ్చు, రాకపోతే మళ్ళీ అటకెక్కించాలి. మావయ్యగారు పొద్దున్నే వసారాలో బల్ల మీద కూర్చుని, పక్కన కాయల రాశి పోయించుకుని, ఒక్కొక్క కాయనీ చెవి దగ్గర ఆడించి వినేవారు. అంత ఓపికగా వినే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆయన మూతపెట్టిన కాయ కడుపులో మాట వినగలరని ఊళ్ళో చెప్పుకునేవారు.

అటువంటి మనిషి మా అత్తయ్య మాట వినరు. వినకపోవడమే కాదు, అసలు ఆ ఇంట్లో వాళ్ళిద్దరి మధ్యా మాటలే లేవు.

నేను వెళ్ళిన మొదటి రోజే ఆ సంగతి అర్థమైంది. అత్తయ్య అన్నం వడ్డించి, ఎదురుగా పీట మీద కూర్చున్న మావయ్యగారి వంక చూడకుండా నాతో, "నాన్నా, పులుసు కావాలేమో అడుగు" అంది. నేను అయోమయంగా ఆయన వైపు తిరిగితే ఆయన నాతోనే, "అక్కర్లేదని చెప్పరా, మజ్జిగ పొయ్యమను" అన్నారు. చేతికందే దూరంలో ఉన్న ఇద్దరి మధ్య నేను టపాబంట్రోతులా అటూ ఇటూ మాటలు మోసేను. అంతకు ముందు ఆ పని మావయ్యగారి తల్లి, మామ్మగారు చేసేవారట. ఆవిడ నాకు ఆ పదవి అప్పగిస్తూ, "ఇంక నా వల్ల కాదురా అబ్బాయ్, వాడొకటంటే నేనొకటి వినిపించుకుని దీనికి మరోటి చెబుతున్నాను, కాఫీ అడిగినవాడికి మొన్న వేణ్ణీళ్ళు పెట్టింది" అన్నారు. ఆవిడకి చెవుడు.

ఈ మౌనం ఎందుకో నాకు తర్వాత కొంచెం కొంచెంగా తెలిసింది. వాళ్ళకో పాప ఉండేది. నాకంటే చిన్నది. నేను వాళ్ళింటికి రావడానికి ముందు ఏడాది, మావయ్యగారు సరుకు పడవ వెంట రాజమండ్రి వెళ్ళినప్పుడు, ఆ పాపకి జ్వరం తగిలింది. కబురు పంపారు. బేరం తేలేలా ఉందని ఆయన ఒక్కరోజు ఆగి బయల్దేరారు. వచ్చేసరికి పాప లేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి అత్తయ్య ఏదో మాట అంది. ఆ మాట ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు, ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ మాటకి ఆయన తిరిగి ఏమీ అనలేదు. అలా అనకుండా ఆ రోజు గడిచింది, మర్నాడు గడిచింది, ఆ తర్వాత మాట్లాడటానికి ఏదైనా ఒక మాటతో మొదలుపెట్టాలి కదా, ఆ మొదటి మాట ఏముండాలో ఇద్దరికీ తోచలేదు కాబోలు.

నాకు డైరీ ఇచ్చింది మావయ్యగారే. ఎవరో షావుకారు పంపిన అట్ట డైరీ నా చేతిలో పెట్టి, ఏ రోజు ఏం జరిగిందో అది రాసుకో, నీకేం అనిపించిందో రాయకు, అది తూకానికి రాని సరుకు అన్నారు. నాతో ఆయన అన్న పొడుగాటి మాట అదే. నేను దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నానో పైన మీరు చూశారు.

ఇక అత్తయ్య నాకిచ్చింది వేరే. మాఘమాసంలో అత్తయ్య ఒక నోము పట్టింది. ఏడాది పొడుగునా పట్టాలి. నియమాలు పెద్దగా లేవు గాని ఒకటి మాత్రం కచ్చితం. రోజూ స్నానం చేశాక, పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా, అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని నోము కథ చెప్పుకోవాలి. తనలో తాను గొణుక్కుంటే చెల్లదు. ఎదురుగా ఒక మనిషి కూర్చుని మాట మాటకీ ఊఁ కొట్టాలి. కథ అయ్యాక సగం అక్షింతలు చెప్పినవాళ్ళ నెత్తిన, సగం విన్నవాళ్ళ నెత్తిన. అప్పుడే భోజనం. మన ఇళ్ళలో ఎన్ని నోములు, ఎన్ని కథలు, అన్నిటికీ ఈ ఊఁ కొట్టే మనిషి కావలసిందే. మొదట్లో మామ్మగారు కూర్చునేవారు గాని, ఆవిడ కథ సగంలో కునికిపాట్లు పడుతూ, కథ అయిపోయాక కూడా ఊఁ కొడుతూనే ఉండేవారు. అందుకని ఆ పని కూడా నా మీదికొచ్చింది. బడికి వెళ్ళేముందు నేను చద్దన్నం తిని, మూతి తుడుచుకుని, నడవలో చాప మీద కూర్చోవాలి. చివర్లో అక్షింతలతో పాటు బెల్లం కలిపిన కొబ్బరి ముక్క దొరికేది.

కథ చాలా చిన్నది. ఒక ఊళ్ళో ఒక వర్తకుడు, అతనికో భార్య. అతను ఓడ ఎక్కి వ్యాపారానికి వెళితే ఆవిడ సంజెదీపం పెట్టడం మరిచిపోయింది. అమ్మవారికి కోపం వచ్చి ఓడ దారి తప్పింది. ఆవిడ తప్పు తెలుసుకుని నోము నోచుకుంటే ఓడ తిరిగి రేవుకి చేరింది. కథ తప్పినా వ్రతం తప్పకూడదు అనుకుని అక్షింతలు వేసుకోవడం. అంతే. అలాంటి కథని రోజూ వినాలంటే ఏ పిల్లవాడికి మాత్రం ఓపిక ఉంటుంది? కొన్నాళ్ళకి నా ఊఁలో జీవం పోయింది. వాకిట్లో వెళ్ళే ఎడ్లబండిని చూస్తూ ఊఁ అనేవాణ్ణి, జేబులో గోళీలు లెక్కపెట్టుకుంటూ ఊఁ అనేవాణ్ణి. అత్తయ్య ఒకరోజు ఆగి, "ఒరేయ్, నేను నీకు చెబుతున్నానా, ఆ ఎద్దుకి చెబుతున్నానా? అది నీకంటే నయం, మెడలో గంటయినా ఆడిస్తోంది" అంది.

ఆ మర్నాడు కథలో వర్తకుడు ఓడ ఎక్కలేదు, పడవ ఎక్కాడు. ఆ పడవ మన కాలవ లాకుల దగ్గర ఆగింది. నీళ్ళు ఎక్కేదాకా ఖాళీగా కూర్చోలేక అతను రేవులో గాజులమ్మే ఆవిడతో బేరానికి దిగాడు. నేను ఎడ్లబండి సంగతి మరిచిపోయాను. మర్నాడు ఆ గాజులు భార్య కోసమని తెలిసింది. మరో రోజు పడవలో తోటివాళ్ళు అతన్ని ఏడిపించారు, పెళ్ళానికి గాజులు కొనేవాడు బేరం చేయకూడదోయ్, చేతికి బిగుసుకుపోతాయి అని. ఇలా రోజుకో చిన్న ముక్క కలుస్తూ కథ పెరిగింది. మామ్మగారికి అనుమానం వచ్చింది. "ఏమే, ఇవాళ ఇంతసేపు చెప్పేవేం? కథ మార్చేవా? నోము చెడుతుందే!" అని కేకలేశారు. అత్తయ్య తడుముకోకుండా, "కథ తప్పినా వ్రతం తప్పకూడదనే కదండీ అన్నారు, ఆ తప్పేదేదో నేను తప్పిస్తున్నానండి" అంది. మామ్మగారికి సగమే వినిపించింది కాబోలు, ఆయ్, మరే, అని తల ఊపేశారు.

ఇప్పుడు తలుచుకుంటే కొన్ని సంగతులు కళ్ళకి కడతాయి. కథ చెప్పేటప్పుడు అత్తయ్య ఎప్పుడూ ఒకే చోట కూర్చునేది. నడవకీ వసారాకీ మధ్య తలుపు ఓరగా వేసి ఉండేది, ఆ తలుపు పక్కనే, గోడకి జేరబడి. నేను చేయి చాపితే అందేంత దగ్గర్లో ఉన్నా, నాకు కావలసిన దానికంటే కాస్త పెద్ద గొంతుతోనే చెప్పేది. తలుపు అవతల వసారాలో మావయ్యగారు కాయలు ఆడిస్తూ ఉండేవారు. ఒకసారి చప్పుడు మరీ ఎక్కువై కథకి అడ్డం వస్తే అత్తయ్య నాతో, "కొబ్బరికాయలకిచ్చే చెవి మనుషులకి కూడా ఇస్తే ఏం పోతుందిట నాన్నా" అంది. అది అవతలికి మొయ్యవలసిన మాటో కాదో తెలియక నేను ఊఁ అన్నాను. అవతల చప్పుడు కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

వానాకాలం వచ్చేసరికి కథలోకి ఒక పాప వచ్చింది. వర్తకుడి కూతురు. దానికి తాటిముంజెలంటే ఇష్టం, తండ్రి భుజం దిగి నడవదు, నిద్రపోవాలంటే తండ్రి చెవి పట్టుకోవాలి. ఈ వివరాలు అత్తయ్య ఎక్కడినుంచి తెస్తోందో నేను ఆలోచించలేదు, కథలో పిల్ల కదా అనుకున్నాను. కొన్నాళ్ళకి, వర్తకుడు ఊళ్ళో లేనప్పుడు ఆ పాపకి జబ్బు చేసింది. ఆ తర్వాత పాప సంగతి అత్తయ్య చెప్పలేదు, ఒక్కసారిగా వర్తకుడు గుమ్మంలోకి వచ్చేశాడు. అతని భార్య దుఃఖంలో ఒక మాట అనేసిందిట. అన్నాక, ఆ మాటని మింగేద్దామనుకుందిట గాని, బయటికొచ్చిన మాట లోపలికి వెళ్ళలేదుట.

అక్కడ ఆగిపోయింది కథ. మర్నాడు మళ్ళీ మొదటినుంచి, పడవ, గాజులు, పాప, గుమ్మం, మాట. అక్కడికి రాగానే అక్షింతలు వేసుకోవడం. ఎన్ని రోజులో అలాగే. నాకు చిరాకెత్తి అడిగేశాను, ఆ మాటకి వర్తకుడేమన్నాడు అత్తయ్యా అని.

"ఏమో నాన్నా, ఇంకా ఏమీ అనలేదు" అంది.

కార్తీకమాసంలో మామ్మగారు దర్శనానికని ద్రాక్షారామంలో బంధువులింటికి వెళ్ళారు. అప్పుడే ముసురు పట్టింది. అప్పుడే నాకు గవదలు వచ్చాయి. దవడలు రెండూ వాచిపోయి, చెవుల కిందనుంచి పట్టీ వేసి కట్టేస్తే, నోరు తెరవడం మాట అటుంచి గుటక వేయడమే ప్రాణాంతకంగా ఉంది. ఆ పొద్దున్న అత్తయ్య స్నానం చేసి తడిజుట్టుతో వచ్చి, అక్షింతలు పట్టుకుని తన చోట కూర్చుని, నా మొహం చూసి నిట్టూర్చింది. పక్కింటివాళ్ళని పిలుద్దామంటే వాన విడిచిపెట్టడం లేదు. నేను ఊఁకి బదులు తల ఊపుతానని సైగ చేశాను. తల ఊపితే సరిపోదురా, కథకి గొంతు కావాలి అంది. కథ చెప్పకపోతే ఆవిడకి అన్నం లేదు, కథ తప్పితే ఇన్ని నెలల నోమూ గోదాట్లో కలిసినట్టే. చివరికి, వినే దిక్కు లేకపోతే గోడకైనా చెప్పుకోమన్నారు అని తనలో తాను అనుకుని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

అనగనగా ఒక ఊళ్ళో ఒక వర్తకుడు ఉండేవాడు అంది. అలవాటు ప్రకారం ఆగింది. చూరు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. అతనికో భార్య ఉండేది అంది. మళ్ళీ ఆగింది. అవతల కాయ ఆడుతున్న చప్పుడు కూడా ఆగిపోయిందని నేను అప్పుడు గమనించాను.

అప్పుడు తలుపు అవతలనుంచి, వాడక తుప్పు పట్టిన గొంతుతో, "ఊఁ" అని వినబడింది.

అత్తయ్య తలుపు వైపు తిరగలేదు. కళ్ళు కూడా తెరవలేదు. గుప్పిటిలోంచి నాలుగు అక్షింతలు జారి చాప మీద పడ్డాయి. గొంతు సవరించుకుని, ఒకరోజు అతను పడవ ఎక్కేడు అంది. ఊఁ. లాకుల దగ్గర గాజులు కొన్నాడు. ఊఁ. వాళ్ళకో పాప ఉండేది. ఇక్కడ ఊఁ రావడానికి చాలాసేపు పట్టింది, కానీ వచ్చింది. అలా ఒక్కొక్క మాటే, చీకట్లో మెట్లు దిగుతున్నట్టు దిగుతూ దిగుతూ గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ ఒక మాట అనేసింది అంది. ఊఁ అన్నారాయన. ఆ తర్వాత అత్తయ్య దగ్గర కథ లేదు. అక్షింతలు వేసుకోవలసిన చోటు అదే. కానీ ఆవిడ చెయ్యి లేవలేదు. బయట వాన పడుతూనే ఉంది.

అప్పుడు మావయ్యగారు మాట్లాడేరు.

"ఆ మాటలో తప్పేం లేదనుకున్నాడు ఆ వర్తకుడు."

కాసేపు ఆగేరు. ఎందుకాగేరో నాకు అర్థం కాలేదు. అత్తయ్యకి అర్థమైంది.

"ఊఁ" అంది.

"కబురు అందిన రోజునే బయల్దేరాల్సింది వాడు."

"ఊఁ."

"ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు వాడికి. ఇన్నాళ్ళూ రాలేదు."

అత్తయ్య మళ్ళీ ఊఁ అనబోయింది గాని అది ఊఁ కాలేదు, ఏడుపైపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని లేచి, అక్షింతల గుప్పిటితో తలుపు తోసుకుని వసారాలోకి వెళ్ళింది. అక్కడ ఏం జరిగిందో నేను చూడలేదు, పట్టీ కట్టుకుని చాప మీద పడుకుని ఉన్నాను. తిరిగొచ్చేసరికి చెయ్యి ఖాళీగా ఉంది. నా వాటా అక్షింతలు నాకు వెయ్యడం మరిచిపోయింది, కొబ్బరి ముక్క సంగతి సరేసరి, ఎలాగూ నమలలేను. ఆ రోజు డైరీలో "ముసురు. గవదలు. జావ తాగితిని" అని రాసుకున్నాను. మావయ్యగారు చెప్పినట్టే, జరిగిందే రాసుకున్నాను.

మధ్యాహ్నం వంటింటి గుమ్మంలో నిలబడి ఆయన, "వీడికి జావలో కాస్త ఉప్పు తగ్గించు" అన్నారు, నాతో కాదు, ఆవిడతోనే. నా టపా ఉద్యోగం ఆ పూటతో ఊడింది. మామ్మగారు ద్రాక్షారామం నుంచి వచ్చి, ఇద్దరూ మాట్లాడుకుంటూ ఉంటే తనకి చెవుడు పూర్తిగా ముదిరి లేనిపోనివి వినిపిస్తున్నాయని భయపడ్డారు.

కానీ ఆ తర్వాత నాకు ఒక పెద్ద నష్టం జరిగింది. అత్తయ్య కథ మళ్ళీ చిన్నదైపోయింది. ఓడ, దీపం, అమ్మవారు, రేవు, అయిపోయింది. గాజులమ్మే ఆవిడ ఏమైంది, లాకుల దగ్గర పడవవాళ్ళు ఏమన్నారు అని నేను ఎంత బతిమాలినా, ఏమో నాన్నా, గుర్తు లేదు అనేది. నోము తీర్చుకుని ఉద్యాపన చేసే దాకా ఇంకొక్క ముక్క కలపలేదు. చెప్పవలసిన మాట చేరవలసిన చోటికి చేరాక, ఇంక ఆవిడకి పడవతోనూ గాజులతోనూ పనేముంది?

పెద్దయ్యాక నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాగా అమలాపురంలో స్థిరపడి, కథలు రాసి వారపత్రికలకి పంపడం మొదలుపెట్టినప్పుడు, రాసిన ప్రతి కథనీ మా ఆవిడకి చదివి వినిపించేవాణ్ణి. ఆఫీసు నుంచి వచ్చి నేను కుర్చీలో కూర్చుంటే, ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతూ ఊఁ కొట్టేది. ఆవిడ ఊఁలో ఎన్ని రకాలో నాకు తెలుసు. బాగున్న చోట పొట్టిగా ఉంటుంది, ఎందుకంటే తర్వాతిది వినాలి. బాగులేని చోట సాగుతుంది. మరీ అధ్వాన్నంగా ఉంటే ఊఁ ఆగిపోయి బెండకాయల చప్పుడొక్కటే వినిపిస్తుంది. ఒకసారి నేను కళ్ళనీళ్ళ పర్యంతమై చదువుతుంటే, "ఊఁ, చాల్లెండి, ఆ మేష్టారు చచ్చిపోతాడు, అంతేగా? ఆయన్ని బతకనివ్వండి పాపం, ఇంకా పింఛనైనా తీసుకోలేదు" అంది. బతకనిచ్చాను.

మాకు సంతానం కలగలేదు. దాని గురించి మేము ఎన్నడూ కూర్చుని మాట్లాడుకోలేదు, నాకు చేతకాలేదు. కానీ ఒక కథ రాశాను. ఒక తాపీమేస్త్రి తన ఇంటికి ఎవరూ ఉండని ఒక గది అదనంగా కట్టుకుని, రోజూ ఊడ్పించి, తాళం వేసుకుంటూ ఉంటాడు. అది చదువుతున్నంతసేపూ ఆవిడ ఊఁ చాలా చిన్నగా వచ్చింది. అయిపోయాక, తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తుతూ, "ఆ గది తాళం తీయించండి. ఎవరైనా కురిడీలు పోసుకుంటారు. ఖాళీగా ఎందుకు?" అంది. అని లోపలికి వెళ్ళింది. నేను కథ ముగింపు మార్చాను. మా ఇంట్లో ఆ విషయం మీద జరిగిన సంభాషణ అదొక్కటే, అది చాలింది కూడా. దాన్ని మెచ్చుకుంటూ ఎవరెవరో ఉత్తరాలు రాశారు, జీవితాన్ని నిశితంగా పరిశీలించారన్నారు. ఏం పరిశీలించాను? తలుపు అవతల కూర్చున్న మనిషికి, ఎదురుపడి చెప్పలేని మాటని, ఎవరో మేస్త్రి పేరు పెట్టి, కాస్త పెద్ద గొంతుతో చెప్పుకున్నాను. అత్తయ్య చేసిన పనే.

మావయ్యగారు పోయాక ఒకసారి అత్తయ్యని చూడటానికి వెళ్ళాను. నడవలో నన్ను కూర్చోబెట్టి, కొబ్బరి దింపు కూలీల సంగతి, మామిడికాయ పచ్చడి సంగతి, ఏవేవో చెప్పింది. ఒక్కొక్క మాట అని, కాస్త ఆగి, వసారా తలుపు వైపు ఒకసారి చూసి, అప్పుడు తర్వాతి మాట అంటోంది. వయసు మీద పడింది, ఆయాసం కాబోలు అనుకున్నాను. డైరీలో కూడా "అత్తయ్యకి ఆయాసం" అనే రాసుకున్నాను.

అది ఆయాసం కాదని నాకు మా ఆవిడ పోయాకే తెలిసింది.

ఆవిడ వెళ్ళిపోయినప్పుడు నా బల్ల మీద ఒక కథ సగంలో ఉంది. ఇప్పటికీ సగంలోనే ఉంది. రాయడానికి కావలసినవన్నీ నా దగ్గరున్నాయి. కళ్ళున్నాయి, తీరిక ఉంది, చెట్టు నిండా కాయలున్నాయి. నేను గోడకి చెప్పి చూశాను, తులసికోటకి చెప్పి చూశాను. అక్కడ నోములు చెల్లుతాయేమో గాని కథలు చెల్లడం లేదు.

ఈ రోజుల్లో మనుషులు వినడం మానేశారని నేను అనను. గ్రంథాలయం నుంచి వస్తూ ఆటోలో చూశాను, నాతో ఎక్కిన వాళ్ళందరి చెవుల్లోనూ ఏదో ఒకటి మోగుతూనే ఉంది, ఒకతను దానికి తల కూడా ఊపుతున్నాడు. కాకపోతే ఊఁ అనడం పోయింది. మన రోజుల్లో పడవ ఎక్కితే ముక్కూ మొహం తెలియని మనిషి తన కూతురి కాపురం సంగతి మొదలుపెట్టేవాడు, రేవు వచ్చేదాకా మనం ఊఁ కొట్టేవాళ్ళం, దిగి ఎవరి దారిన వాళ్ళం పోయేవాళ్ళం. ఇప్పుడు నేను ఏదైనా రాసి ఫోనులో పంపితే, చదివేంత వ్యవధి కూడా కాకుండానే ఒక బొటనవేలు బొమ్మ వచ్చి పడుతుంది. మంచివాళ్ళే, ప్రేమగానే పంపుతారు. కానీ బొటనవేలు చూసి తర్వాతి మాట ఏమిటో ఎవరికి తోస్తుంది?

అమ్మా, ఆ రోజు నువ్వడిగిన రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే. నేను చెట్టూ కాయలూ అని నీకు చెప్పింది విననివాళ్ళకి చెప్పే జవాబు. నువ్వు కూర్చోకుండా నిలబడి, ఆ తర్వాతేమిటని అడిగావు చూడు, చాలా ఏళ్ళ తర్వాత నా చెవిన పడ్డ ఊఁ అది. దాని పుణ్యాన ఇన్ని పేజీలు వచ్చాయి.

రాయడం పూర్తయ్యాక, పాత అలవాటు కొద్దీ వీధి గదిలో కుర్చీ వేసుకుని దీన్ని మొదటినుంచీ పైకి చదివాను. చదువుతూ చదువుతూ నేనే గమనించుకున్నాను. ప్రతి వాక్యం తర్వాతా, ఒక ఊఁ పట్టేంత సేపు ఆగుతున్నాను. ఆగి, వంటింటి గుమ్మం వైపు చూసి, అప్పుడు తర్వాతి వాక్యం మొదలుపెడుతున్నాను. కత్తిపీట గోడకి ఆనించి ఉంది.